కోచ్ పిలిచాడు సరే, ఏ కాలేజీకి వెళ్ళాలి?

పిల్ల టెన్నిస్ ఆడుతుందంటే చిన్నప్పుడు చుట్టాలందరూ ముచ్చటపడతారు. తొమ్మిదో క్లాసు దాటేసరికి "ఇంకా ఆటలేనా, శాట్ సంగతేంటి?" అంటారు. అదే పిల్లకి ఏదో అమెరికన్ యూనివర్సిటీ కోచ్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చిందని తెలిస్తే మళ్ళీ గొంతు మారుతుంది: "ఏ యూనివర్సిటీ? ర్యాంకెంత?" మేమూ దాదాపు ఏడాదిపాటు ఆ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోయాం. మేముండేది డాలస్ దగ్గర. మాకు తెలిసిన తెలుగువాళ్ళలో ఈ దారిన వెళ్ళినవాళ్ళు లేరు. అడిగి తెలుసుకున్నవి కొన్ని, చెయ్యి కాల్చుకుని తెలుసుకున్నవి కొన్ని. అవన్నీ వరసగా రాస్తున్నాను. నేను చెప్పే లెక్కలు టెన్నిస్‌వి. మీ పిల్లలు ఈత కొట్టినా గోల్ఫ్ ఆడినా అంకెలు మారతాయి కానీ పద్ధతి ఇదే.

ముందే ఒక మాట. కోచ్‌కి మీ పిల్ల కావాలనుకోవడం ఒకటి. కాలేజీ సీటివ్వడం ఇంకొకటి. ఆ జట్టులో మీ పిల్ల నిజంగా కోర్టు మీదికి దిగి ఆడటం మూడోది. మొదటిది వినగానే మిగతా రెండూ అయిపోయినట్టే అనుకుంటాం. అక్కడే దెబ్బతింటాం. కింద చెప్పినవన్నీ ఈ మూడింటికీ విడివిడిగా జవాబు రాబట్టుకోవడానికే.

1. ముందు మెట్లు తెలుసుకోండి

అమెరికా కాలేజీ ఆటల్లో పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. దాని కింద దాదాపు 1,100 కాలేజీలు మూడు డివిజన్లుగా ఉంటాయి. డివిజన్ 1, 2లలో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. డివిజన్ 3లో ఆట పేరుతో ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. చదువుని బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి ఇచ్చేవి మాత్రం ఇస్తారు. హార్వర్డ్, యేల్ లాంటివి ఉన్న ఐవీ లీగ్‌లోని ఎనిమిది కాలేజీలూ డివిజన్ 1లోనే ఉన్నా ఆట స్కాలర్‌షిప్పులు ఇవ్వవు. వీటికి బయట ఎన్ఏఐఏ అని చిన్న కాలేజీల సంస్థ ఉంది, రెండేళ్ళ కాలేజీలకి ఎన్‌జేసీఏఏ ఉంది.

మనవాళ్ళు "డివిజన్ 3" అనగానే థర్డ్ క్లాసులా వింటారు. ఎంఐటీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, ఎమొరీ, కార్నెగీ మెలన్ ఉన్నది డివిజన్ 3లోనే. డివిజన్ అంటే చదువు ర్యాంకు కాదు, కాలేజీ ఆట మీద ఎంత ఖర్చు పెడుతుంది, పిల్లల టైమ్ ఎంత తీసుకుంటుంది అన్న లెక్క. మా అత్తగారికి ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు సంక్రాంతులు పట్టింది.

2. చదువు కాగితాలు

దీని మీద ఎక్కువ రాయను, మన ఇళ్ళల్లో ఇది పెద్ద సమస్య కాదు. డివిజన్ 1, 2లలో ఆడాలంటే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్ లాంటివి) ఉండాలి. వాటిలో జీపీఏ డివిజన్ 1కి కనీసం 2.3, డివిజన్ 2కి 2.2. డివిజన్ 1కైతే ఆ పదహారులో పది, పన్నెండో క్లాసు మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. ఎన్‌సీఏఏ 2023లో శాట్, ఏసీటీ పరీక్షల నిబంధన తీసేసింది, కానీ కాలేజీ విడిగా అడగొచ్చు. ఇక్కడ ఒకటే జాగ్రత్త: ఎండాకాలం సెలవుల్లో ఆన్‌లైన్‌లో చేయించే కోర్సు, ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.

3. జట్టు జాబితాని జాతకంలా చదవండి

అన్నిటికంటే పనికొచ్చిన పని ఇదే. పైసా ఖర్చు లేదు. ప్రతి కాలేజీ టెన్నిస్ పేజీలో ఆడేవాళ్ళ పేర్లు, ఎన్నో ఏడాది చదువుతున్నారు, ఏ ఊరు, ముందు ఎక్కడ ఆడారు, ఏ మేజర్ అన్నీ ఉంటాయి. వాళ్ళ యూటీఆర్ (ఆట ఏ స్థాయిలో ఉందో చెప్పే రేటింగ్) అంకె కూడా నెట్‌లో దొరుకుతుంది. ఒక ఆదివారం వంటింట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్‌లోంచి పాత నెల కాగితం చింపి, వెనక గళ్ళు గీసి, మా అమ్మాయి, నేను మొదటి కాలేజీ జాబితా నింపాం. అది తను రెండేళ్ళుగా కలలు కంటున్న కాలేజీ. పదిమంది ఉన్నారు. ఏడుగురు వేరే దేశాలవాళ్ళు. మిగతా ముగ్గురిలో ఇద్దరు వేరే కాలేజీ నుంచి బదిలీ అయి వచ్చినవాళ్ళు. అంటే అమెరికన్ హైస్కూల్ నుంచి నేరుగా తీసుకున్నది ఒక్కరిని. ఆ కాగితం చూసి తను ఏం మాట్లాడలేదు. పెన్ను మూత పెట్టి లేచి వెళ్ళి, అరగంట తర్వాత వచ్చి "ఇంకో కాలేజీ రాద్దాం నాన్నా" అంది.

ఆ గళ్ళల్లో చూడాల్సినవి ఇవి.

ఎన్ని ఖాళీలు వస్తాయి? మీ పిల్ల ఇప్పుడు పదకొండులో ఉంటే, కాలేజీలో మూడు, నాలుగో ఏళ్ళలో ఉన్నవాళ్ళు తను చేరేనాటికి వెళ్ళిపోతారు. వాళ్ళెందరో లెక్కపెట్టండి. ఒక్కరే అయితే ఆ కోచ్ ఎంత తియ్యగా మాట్లాడినా చోటు ఒక్కటే.

మీ పిల్ల ఎన్నో నంబరు ఆడుతుంది? కాలేజీ టెన్నిస్‌లో రెండు జట్లు తలపడితే సింగిల్స్ ఆరు, డబుల్స్ మూడు. డివిజన్ 1లో డబుల్స్ మూడూ కలిపి ఒక్క పాయింటు, సింగిల్స్ ఒక్కోటి ఒక్కో పాయింటు. మొత్తం ఏడు, ముందు నాలుగు తెచ్చుకున్న జట్టు గెలిచినట్టు. అంటే జట్టులో పదిమంది ఉన్నా సింగిల్స్‌కి దిగేది ఆరుగురే. ఐదు, ఆరో నంబర్లు ఆడేవాళ్ళ యూటీఆర్ పక్కన మీ పిల్ల యూటీఆర్ పెట్టి చూడండి. దరిదాపుల్లో ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. చాలా తక్కువుంటే నాలుగేళ్ళూ బెంచీ మీద చప్పట్లు కొట్టడానికి సిద్ధమేనా అని పిల్లనే అడగండి. కొందరు సిద్ధమే అంటారు, తప్పేం కాదు. తెలిసి వెళ్ళాలి, అంతే.

ఏ మేజర్లు చదువుతున్నారు? దీన్ని ఎవరూ చూడరు. మీ పిల్లకి కంప్యూటర్ సైన్సో ప్రీ-మెడ్డో కావాలి, జట్టులో అందరూ బిజినెస్, కమ్యూనికేషన్, స్పోర్ట్ మేనేజ్‌మెంట్ అయితే అది కాకతాళీయం కాకపోవచ్చు. సైన్స్ ల్యాబులు ఎక్కువగా మధ్యాహ్నం పెడతారు. ప్రాక్టీసూ మధ్యాహ్నమే.

4. ఈమెయిల్ పిల్లే రాయాలి

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. పదో క్లాసులో మా అమ్మాయికి పరీక్షలున్నాయని నేనే కూర్చుని ఇరవైమంది కోచ్‌లకి ఉత్తరాలు రాశాను. మంచి ఇంగ్లీషు, ప్రాజెక్టు ప్రపోజల్‌లా బుల్లెట్ పాయింట్లు. పంతొమ్మిదిమంది జవాబే ఇవ్వలేదు. ఒకాయన మాత్రం రెండు వాక్యాలు రాశాడు: మీ అమ్మాయి గురించి తెలుసుకోవాలని ఉంది, తననే రాయమనండి. సిగ్గేసింది.

తర్వాత తను రాసింది చాలా చిన్నది. హైస్కూల్ ఏ ఏడాది పూర్తవుతుంది, యూటీఆర్, జీపీఏ, రాబోయే రెండు నెలల్లో ఏ టోర్నమెంట్లు ఆడుతుంది, వీడియో లింకు, ఆ కాలేజీయే ఎందుకు అన్న దానికి రెండు లైన్లు. ఆ రెండు లైన్లూ ఒక్కో కాలేజీకి వేరుగా ఉండాలి. వీడియోలో కొట్టిన మంచి షాట్లన్నీ ముక్కలుగా అతికించకండి. బేస్‌లైన్ వెనక కాస్త ఎత్తులో కెమెరా పెట్టి, కోత లేకుండా నాలుగైదు గేములు ఉంచండి. పాయింటు పోయాక పిల్ల మొహం ఎలా ఉంటుందో కోచ్ చూడాలనుకుంటాడు.

డివిజన్ 1లో టెన్నిస్‌తో సహా చాలా ఆటలకి, పదో క్లాసు అయిపోయిన ఏడాది జూన్ 15 దాకా కోచ్‌లు రిక్రూటింగ్ గురించి జవాబివ్వకూడదు. కాబట్టి అంతకుముందు మౌనం చూసి కంగారు పడొద్దు. డివిజన్ 3 కోచ్‌లకి ఇలాంటి తేదీ లేదు.

"మేం పెట్టిస్తాం" అని వేల డాలర్లు అడిగే సర్వీసులు చాలా ఉన్నాయి. వీడియో తీసిపెట్టి, జాబితాలు తయారుచేసి ఇంత అని ఫీజు తీసుకుంటే అది మీ ఇష్టం. కానీ స్కాలర్‌షిప్‌లో ఇంత శాతం అనో, సీటొస్తేనే డబ్బివ్వండి అనో అంటే తలుపు వేసెయ్యండి. ఎన్‌సీఏఏ రూల్స్ దాన్ని ఒప్పుకోవు, మీ పిల్ల అర్హతకే ఎసరొస్తుంది.

5. జూన్ 15, ఫోన్

ఆ రోజు సాయంత్రం ఫోన్ మోగింది. మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని మాట్లాడుతోంది. నేను సింకు దగ్గర తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాను. పది నిమిషాలు చదువు, ఆట, మామూలు కబుర్లు. ఉన్నట్టుండి కోచ్ అడిగింది: "ఓడిపోయాక ఇంటికొచ్చేటప్పుడు కార్లో మీ నాన్న ఏం మాట్లాడతారు?" మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కుళాయి ఇంకొంచెం గట్టిగా తిప్పాను. కోచ్‌లు తల్లిదండ్రుల్ని కూడా రిక్రూట్ చేస్తారనీ, కొందరు తల్లిదండ్రుల్ని చూసి పిల్లల్ని వదిలేస్తారనీ ఆ రోజే అర్థమైంది. టోర్నమెంట్‌లో కంచె పట్టుకుని అరిచే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి. నేను మానుకున్నాను, చాలావరకూ.

ఫోన్లో పిల్ల అడగాల్సినవి మూడు చాలు. మా బ్యాచ్‌లో ఎంతమందిని తీసుకుంటున్నారు? వాళ్ళలో నేను మీ జాబితాలో ఎన్నోదాన్ని? బదిలీ పిల్లల్ని కూడా చూస్తున్నారా? రెండో ప్రశ్న అడగడానికి మన పిల్లలు జంకుతారు, పెద్దవాళ్ళని అలా అడగకూడదని పెంచాం కదా. కానీ కోచ్‌లకి అది మామూలు ప్రశ్నే. సూటిగా చెబితే మంచిది. "నువ్వు మాకు చాలా ముఖ్యం" అని దాటేస్తే, పెళ్ళిచూపులైపోయాక "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అన్నారని అర్థం.

6. వెళ్ళి చూడండి, రెండు రకాలుగా

అఫీషియల్ విజిట్ అంటే కాలేజీ ఖర్చుతో వెళ్ళి చూసి రావడం. డివిజన్ 1 టెన్నిస్‌లో పదకొండో క్లాసు మొదలయ్యే ముందు ఆగస్టు 1 నుంచి వెళ్ళొచ్చు. మొత్తం ఐదే విజిట్లు అన్న పాత పరిమితి 2023లో తీసేశారు. పిలిచారంటే ఆసక్తి ఉన్నట్టే. కానీ అది వాళ్ళు ఇల్లు సర్ది, అరిటాకు వేసి పెట్టే విందు. అంతకుముందో తర్వాతో మీ ఖర్చుతో మామూలు రోజు ఒకసారి వెళ్ళండి.

మేము అలా వెళ్ళిన చోట ఓ మంగళవారం ప్రాక్టీసు చూశాం. ఆరు కోర్టులు, ఆరింట్లోనూ ఆట. ఎనిమిదో నంబరు అమ్మాయి ఒక మూల క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడి ఎవరి సర్వ్ ఎటు పడుతోందో రాస్తోంది. నీళ్ళ విరామంలో మా అమ్మాయి వెళ్ళి పలకరించింది. ఈ సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడావని అడిగితే "రెండు" అంది. "అందులో ఒకటి సగంలో ఆపేశారు, జట్టుకి అప్పటికే నాలుగు పాయింట్లు వచ్చేశాయి." నవ్వుతూనే చెప్పింది. బయాలజీ చదువుతోందట, ల్యాబ్ కోసం వారానికోసారి ప్రాక్టీసు మధ్యలో వెళ్ళిపోవాలి, కోచ్ ఏమీ అనదు, "కానీ రాసుకుంటుంది" అంది. ఆ మాటలు ఏ బ్రోచర్‌లోనూ ఉండవు.

కాబట్టి జట్టులో ఒకటో నంబరుతో కాదు, ఏడు, ఎనిమిది, తొమ్మిదో నంబర్లతో మాట్లాడమనండి, అదీ కోచ్ పక్కన లేనప్పుడు. మీ పిల్ల మేజరే చదివేవాళ్ళుంటే వాళ్ళ వారం ఎలా గడుస్తుందో అడగమనండి. డివిజన్ 1, 2లలో రూల్ ప్రకారం సీజన్‌లో ఆటకి వారానికి 20 గంటలే. కానీ మ్యాచ్ రోజు పొద్దుట్నుంచి రాత్రి దాకా పట్టినా మూడు గంటలుగానే లెక్క. బస్సు ప్రయాణం, ఫిజియో దగ్గర కూర్చున్న టైమ్ అందులోకి రావు. టెన్నిస్ ముఖ్య సీజన్ జనవరి నుంచి మే దాకా, అంటే స్ప్రింగ్ సెమిస్టర్ మొత్తం గురు, శుక్రవారాల క్లాసులు పోతూనే ఉంటాయి.

ఇంకో చిక్కుముడి ఉంది. డివిజన్ 1లో ఆడేవాళ్ళు రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి చెయ్యాలి. మామూలు పిల్లల్లా రెండేళ్ళు బిజినెస్ చదివి మూడో ఏట ఇంజనీరింగ్‌కి మారతానంటే ఆట అర్హత పోవచ్చు. మేజర్ విషయం తేలని పిల్లలకి ఇది ముందే చెప్పాలి.

పిల్ల శాకాహారి అయితే బయటి ఊళ్ళకి వెళ్ళినప్పుడు తిండి సంగతి కూడా అడగండి. నవ్వకండి. ఆరు గంటల బస్సు ప్రయాణంలో దారిలో ఆపే చోట ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప ఏమీ దొరక్కపోతే, మర్నాడు మూడో సెట్‌లో తెలుస్తుంది.

7. డబ్బు: శాతం వినకండి, డాలర్లు అడగండి

"50 శాతం స్కాలర్‌షిప్" అని వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ లడ్డూ బొమ్మలు పెడతారు. ఉదాహరణకి ఏడాదికి 85,000 డాలర్లయ్యే ప్రైవేటు కాలేజీలో సగం ఇస్తే మీరు కట్టేది 42,500. సొంత రాష్ట్రంలో 32,000కి చదువు చెప్పే యూనివర్సిటీ పైసా ఇవ్వకపోయినా దానికంటే పదివేలు తక్కువ. ఆట సొమ్ము ఇవ్వని డివిజన్ 3 కాలేజీ చదువుకి 40,000 ఇస్తే అది మరో లెక్క. ప్రతి కాలేజీ పక్కనా మీ జేబులోంచి పోయేది ఒకే గడిలో రాయండి. మా అమ్మాయి చివరికి డివిజన్ 3కే వెళ్ళింది, "స్కాలర్‌షిప్ రాలేదా పాపం" అని ఇప్పటికీ అడుగుతారు. ఆ గడి చూపించాలనిపిస్తుంది.

ఇప్పుడు రూల్స్ మారాయి కాబట్టి పాత వీడియోలు నమ్మకండి. ఇంతకుముందు డివిజన్ 1 టెన్నిస్‌లో ఆడపిల్లల జట్టుకి 8, మగపిల్లల జట్టుకి 4.5 స్కాలర్‌షిప్పులే ఉండేవి. 2025 జూన్‌లో హౌస్ కేసు (ఆటగాళ్ళకి రావాల్సిన డబ్బు గురించి ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) రాజీకి కోర్టు ఆమోదం ఇచ్చింది. దానికి ఒప్పుకున్న కాలేజీలకి ఆ ఏడాది జూలై నుంచి స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. టెన్నిస్‌కి పదిమంది. పదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చని రూల్ అంటుంది, ఇవ్వాలని కాదు. ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ డబ్బు పోసే కాలేజీలు టెన్నిస్ దగ్గర చెయ్యి బిగిస్తున్నాయి. కాబట్టి కోచ్‌ని అడగండి: మీ కాలేజీ ఆ రాజీలో చేరిందా? టెన్నిస్‌కి నిజంగా బడ్జెట్‌లో ఎన్ని స్కాలర్‌షిప్పులున్నాయి?

తర్వాత ఈ నాలుగు రాతపూర్వకంగా తీసుకోండి: ఒక్క ఏడాదికా, నాలుగేళ్ళకా? చదువుకిచ్చే స్కాలర్‌షిప్‌తో కలిపి తీసుకోవచ్చా? మోకాలికి ఆపరేషనైతే ఖర్చు ఎవరిది, ఎన్నాళ్ళు? జట్టులోంచి తీసేస్తే డబ్బు ఉంటుందా? ఆఖరిది అడగడానికి ఇబ్బందిగా ఉన్నా అడగాల్సిందే, ఎందుకంటే డబ్బు ఉండటం, జట్టులో చోటు ఉండటం ఒకటి కాదు.

టాక్స్ కూడా గుర్తుంచుకోండి. ట్యూషన్ ఫీజుకి వచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్నులేదు, హాస్టల్‌కీ తిండికీ వచ్చిన దాని మీద ఉంటుంది.

8. సీటు ఎవరు ఇస్తారు?

కోచ్ ఇవ్వడు, అడ్మిషన్స్ ఆఫీసు ఇస్తుంది. గట్టి పోటీ ఉన్న కాలేజీల్లో కోచ్ చేతిలో ఉన్నది సిఫారసే. దాని బరువు ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది. ఎంఐటీ లాంటి చోట కోచ్ ఎంత మెచ్చుకున్నా సీటు గ్యారంటీ లేదు. ఇంకొన్ని చోట్ల కోచ్‌కి కొన్ని చోట్లు కేటాయిస్తారు. అందుకని పదకొండో క్లాసు అయ్యాక వచ్చే ఎండాకాలంలో "ప్రీ-రీడ్ చేయిస్తారా?" అని అడగండి. అంటే మార్కులు, శాట్, పన్నెండులో తీసుకోబోయే కోర్సులు ముందే అడ్మిషన్స్ వాళ్ళకి చూపించి అభిప్రాయం తీసుకోవడం. ఐవీ కాలేజీలైతే అక్టోబరు నుంచి లైక్లీ లెటర్ (సీటు దాదాపు ఖాయమని ముందే చెప్పే ఉత్తరం) ఇవ్వగలవు. చేతికి వచ్చిన ఉత్తరానికి విలువుంది, ఫోన్లో "నీ సంగతి నేను చూసుకుంటా" అన్నదానికి లేదు.

ప్రీ-రీడ్ బాగుంటే డివిజన్ 3లో, ఐవీల్లో ఎర్లీ డెసిషన్‌లోనో ఎర్లీ యాక్షన్‌లోనో అప్లై చెయ్యమంటారు. ఎర్లీ డెసిషన్ అయితే సీటు వచ్చాక వెళ్ళి తీరాలి. అప్లై చేసే ముందే కాలేజీ నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో మీ ఆదాయం వేసి చూసుకోండి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన ఇళ్ళకి ఆదాయాన్ని బట్టి ఇచ్చే నీడ్ సాయం పెద్దగా రాదు, ఆశ పెట్టుకోవద్దు.

2019లో డబ్బు కట్టి ఆడని పిల్లల్ని ఆటగాళ్ళుగా చూపించిన కుంభకోణం బయటపడింది కదా. అప్పట్నుంచీ చాలా కాలేజీలు ఆట రికార్డుని కోచ్ మాట మీద వదిలెయ్యకుండా సరిచూస్తున్నాయి. ఏ ర్యాంకూ ఒక్క మెట్టు పెంచి రాయకండి.

9. కోచ్ వెళ్ళిపోతే?

పిల్లలు కోచ్‌ని చూసి కాలేజీకి మాటిస్తారు. కోచ్‌లు రెండేళ్ళకే ఇంకో కాలేజీకి వెళ్ళిపోతారు. కాంట్రాక్ట్ ఎన్నాళ్ళుందో మర్యాదగా అడగొచ్చు.

ఆటనే ఎత్తేసే ప్రమాదం కూడా ఉంది. స్టాన్‌ఫర్డ్ అంతటిది 2020లో 11 ఆటలు తీసేస్తామని చెప్పి, గొడవయ్యాక 2021లో వెనక్కి తగ్గింది. 2025లో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ ఈత జట్టుని, టెక్సస్‌లో ఎల్ పాసో యూనివర్సిటీ ఆడపిల్లల టెన్నిస్ జట్టుని ఆపేశాయి. టెన్నిస్, ఈత లాంటివి ముందు వరసలో ఉంటాయి. గత ఐదేళ్ళలో ఆ కాలేజీ ఏ ఆటలు తీసేసిందో ఓసారి వెతకండి.

బదిలీల సంగతి రెండువైపులా పదునైనది. 2024 నుంచి డివిజన్ 1లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. మీ పిల్లకి నచ్చకపోతే దారి ఉంది. కానీ కోచ్‌కీ అదే దారి: పదిహేడేళ్ళ పిల్లని రెండేళ్ళు తీర్చిదిద్దే బదులు, ఇంకో కాలేజీలో మూడేళ్ళు ఆడి రాటుదేలినవాళ్ళని తెచ్చుకుంటాడు. ఫోన్లో మూడో ప్రశ్న అందుకే.

10. ఆంధ్ర, తెలంగాణ నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి

విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీ జట్టుకి ఆడి, తర్వాత 2014 ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవారెడ్డి అమెరికాలోనే పుట్టి, స్టాన్‌ఫర్డ్‌కి ఆడి 2024 చివర్లో ప్రొఫెషనల్ అయ్యాడు, మరుసటి నెల ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ దగ్గర మొదటి సెట్ గెలిచాడు. "కాలేజీకి వెళితే ఆట ఆగిపోతుంది" అనేవాళ్ళకి ఈ ఇద్దరి పేర్లు చెప్పండి. డివిజన్ 1 టెన్నిస్‌లో సగానికి పైగా వేరే దేశాల పిల్లలే, కాబట్టి కోచ్‌లకి మన మార్కుల మెమోలు కొత్తేమీ కాదు.

ఇంటర్ కాగానే కాలేజీలో చేరే ఏర్పాటు చూసుకోండి. డివిజన్ 1 టెన్నిస్‌లో చాలాకాలంగా ఉన్న రూల్ ప్రకారం, హైస్కూల్ పూర్తయ్యాక ఆరు నెలలు దాటాక టోర్నమెంట్లు ఆడుతూ పోతే అర్హతలో కోత పడుతుంది. నీట్ లాంగ్ టర్మ్‌లో ఒక ఏడాది, "ఫ్యూచర్స్ (కింది మెట్టు ప్రొఫెషనల్ టోర్నమెంట్లు) ఆడి చూద్దాం" అని ఇంకో ఏడాది పోతే ఆ పిల్లకి మిగిలే సీజన్లు తగ్గుతాయి. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి, చేరే ఏడాదివి చూసుకోండి. తొమ్మిది నుంచి ప్రతి ఏడాది మార్కుల జాబితా దాచండి, తర్వాత స్కూలు చుట్టూ తిరగడం కష్టం. ఎఫ్1 వీసా మీద ఉన్నవాళ్ళు ప్రకటనల డబ్బు, పేరు వాడుకున్నందుకిచ్చే డబ్బు తీసుకునే ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడిగి తీరాలి, వీసాకే ముప్పు రావొచ్చు. హాస్టల్, తిండికి వచ్చిన స్కాలర్‌షిప్‌లోంచి మామూలుగా 14 శాతం పన్ను పట్టుకుంటారు, ఆ లోటు ముందే లెక్కలో వేసుకోండి.

11. మాట ఇవ్వడం, మాట చెప్పడం

నోటిమాటగా "వస్తాను" అన్నది ఎవరినీ కట్టిపడెయ్యదు, పిల్లనీ కోచ్‌నీ కూడా. 2025 వసంతంలో పదిమంది పరిమితి లాంటివి రాబోతున్నాయని తెలిసి, మాటిచ్చిన పిల్లల్ని కూడా కొన్ని చోట్ల వదిలేశారు. చివరికి జడ్జి పట్టుబడితేనే అలాంటివాళ్ళకి మినహాయింపు దొరికింది. ఒకప్పుడు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ మీద సంతకం పెట్టేవారు. 2024 అక్టోబరులో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు సంతకం పెట్టేది కాలేజీ ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందం మీద. అది చేతికొచ్చేదాకా మిగతా కోచ్‌లతో మాటలు పూర్తిగా తెంచుకోకండి. ఫేస్‌బుక్‌లో ఆ కాలేజీ టోపీ పెట్టుకున్న ఫొటో కూడా ఆగొచ్చు.

కాలేజీ ఖాయమైన రోజే మిగతా కోచ్‌లకి పిల్ల స్వయంగా ఫోన్ చేసి చెప్పాలి. మెసేజ్ కాదు, ఫోన్. మా అమ్మాయి నలుగురికి చేసింది. ముగ్గురు శుభాకాంక్షలు చెప్పి పెట్టేశారు. నాలుగో ఆయన, నన్ను "తననే రాయమనండి" అన్నాయనే, ఐదు నిమిషాలు మాట్లాడి, "మార్చిలో మా జట్టు మీ కాలేజీకి వస్తోంది, నాలుగో కోర్టులో కనబడాలి" అన్నాడట. మార్చిలో తను ఆడింది ఆరో కోర్టులో. మ్యాచ్ అయ్యాక ఆయన కంచె దాకా వచ్చి, బ్యాక్‌హ్యాండ్ గ్రిప్ ఎప్పుడు మార్చావని అడిగాడు.